రోజుకు ఇరవై రూపాయల నగరం

నగరంలో ధరలు పెరగలేదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు, మా విశ్వవిద్యాలయ పాలకమండలి ఏకగ్రీవంగా చేసిన తీర్మానం. టమాటాల ధర అడిగి, మారు మాట్లాడకుండా ఖాళీ సంచీతో ఇంటికొచ్చిన రోజుల్లో కూడా నేను ఈ తీర్మానాన్ని తలుచుకుని ధైర్యం తెచ్చుకునేవాణ్ని.

సంగతి ఎలా మొదలైందంటే, ఎమ్మేలూ ఎమ్మెస్సీలూ చదివే పిల్లలంతా కలిసి ఒక వినతిపత్రం ఇచ్చారు. అయ్యా, హైదరాబాదులో అద్దెలు కట్టలేకపోతున్నాం, మీరిచ్చే నాలుగు వేల ఉపకారవేతనం పది రోజులకే ఆవిరైపోతోంది, కాస్త పెంచండి అని. హాస్టలు ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. అసలు హాస్టలు ఉంది కూడా. నాలుగంతస్తులు కట్టారు, రంగులు వేశారు. ప్రారంభోత్సవానికి పెద్దలెవరూ తారీఖు ఇవ్వకపోవడంతో మూడేళ్లుగా తాళం పడి ఉంది. ప్రారంభం కాని భవనంలో పడుకోవడం నిబంధనలకు విరుద్ధం గనక పిల్లలు బయట అద్దెకుంటున్నారు. పావురాలు నిబంధనలు చదవలేదు గనక లోపల ఉంటున్నాయి.

వినతిపత్రం అందగానే మా రిజిస్ట్రారు చిలకపాటి దశరథరామయ్య గారు ఆలస్యం చేయకుండా ఒక సంఘం వేశారు. దాని పేరు జీవన వ్యయ హేతుబద్ధీకరణ సంఘం. అధ్యక్షులు ఆయనే. నేను అర్థశాస్త్రం చెప్పే పంతుల్ని కాబట్టి నన్నొక మూల కుర్చీలో వేశారు. సమావేశం అధికారుల క్యాంటీనులో జరిగింది. టీ వచ్చింది. దశరథరామయ్య గారు ఒక గుక్క తాగి, కప్పు పైకెత్తి అందరికీ చూపించారు.

"ఈ టీ ఎంతండీ?"

"రూపాయిన్నరండీ," అన్నాడు సర్వరు.

"విన్నారు కదా. రూపాయిన్నర! ఈ రూపాయిన్నర టీ తాగలేని స్థితిలో ఈ దేశ యువత ఉందంటే లోపం ధరల్లో లేదు, దృక్పథంలో ఉంది. వీళ్లకు డబ్బు చాలకపోవడం కాదు, బడ్జెట్ సంస్కారం చాలకపోవడం జరుగుచున్నది."

నేను నోరు తెరవబోయాను. అంతలో సమోసా వచ్చింది, మూడు రూపాయలు. తెరిచిన నోటికి అది సరిపోయింది.

ఒక్క విషయం నిజాయితీగా చెప్పాలి. దశరథరామయ్య గారు అబద్ధమాడటం లేదు. ఆయన ఉండేది క్యాంపస్ బంగళాలో, తిరిగేది విశ్వవిద్యాలయం కారులో, తాగేది ఈ క్యాంటీను టీ. ఊరి నుంచి చుట్టాలొస్తే దిగేది మా గెస్ట్ హౌసులో. ఇరవై ఏళ్లుగా ఈ నగరంలో జేబులోంచి నోటు తీయాల్సిన అవసరం ఆయనకు రాలేదు. మనిషి అబద్ధాలకోరైతే ఏదో ఒక రోజు నిజం ఒప్పుకుంటాడని ఆశ ఉంటుంది. ఈయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఇంక ఏం చేస్తాం?

ధరలు పెరగలేదని పాలకమండలి ఏకగ్రీవంగా తీర్మానించింది, నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పోస్టు గ్రాడ్యుయేట్ విద్యార్థులందరికీ 'వ్యక్తిగత బడ్జెట్ క్రమశిక్షణ' అనే పేపరు తప్పనిసరి. నగరంలో చదువుకయ్యే నెలసరి ఖర్చులకు బడ్జెట్ రాయాలి. ధరలు మాత్రం ఎవరికి తోచినవి వాళ్లు రాయకూడదు, విశ్వవిద్యాలయ అధికారిక ధరల పట్టికలో ఉన్నవే రాయాలి. లోటు చూపితే ఫెయిలు. పది శాతం మిగులు చూపితేనే పాసు. అక్కడితో ఆగితే బాగుండేది. ప్రాక్టికల్స్ కూడా పెట్టారు. ఒక నెలపాటు ఆ ధరలకే బతికి, రసీదులు చూపించాలి. సంఘం వచ్చి తనిఖీ చేస్తుంది. ఈ పేపరు పాసు కానివాళ్లకు రెండో ఏడు రిజిస్ట్రేషన్ లేదు, సీటు పోతుంది.

పాఠం చెప్పే భారం నా మీద పడింది. ధరల పట్టిక చేతికిచ్చారు. టైపు మిషను మీద కొట్టిన కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి, టేపు అతికించి ఉంది. నివాసం రోజుకు ఇరవై రూపాయలు. భోజనం పన్నెండు. టీ రూపాయిన్నర. ఎప్పుడు తయారు చేశారో తెలుసుకుందామని వెతికితే, తారీఖున్న మూలను ఎలుక కొరికేసింది. నాకు తెలిసి ఆ కాగితానికి మేలు చేసింది ఆ ఎలుకొక్కటే.

మొదటి పరీక్షలో ఒకే ఒక్క పేపరు లోటుతో వచ్చింది. రాసింది గుగులోతు జమున. మానుకోట దగ్గర తండా నుంచి వచ్చిన పిల్ల, ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం మొదటి సంవత్సరం. వాళ్ల నాన్న మిర్చి యార్డులో హమాలీ. మిగతా పిల్లలంతా తెలివైనవాళ్లు, పట్టికలోని అంకెలు ఎక్కించి మిగులు తేల్చేశారు. జమున మాత్రం మూసాపేటలో తను ఉంటున్న గదికి నిజంగా ఇస్తున్న అద్దె రాసింది. మెస్సు బిల్లు, బస్సు పాసు, ల్యాబు కోటు కూడా నిజమైనవే రాసింది. చివర ఎర్ర సిరాతో లోటు వేసి, కింద రెండు గీతలు కూడా కొట్టింది.

నేను పిలిచి అడిగాను. "ఏమ్మా, అందరిలాగే పట్టిక చూసి రాయొచ్చు కదా?"

"రాయొచ్చు సార్. కానీ ప్రాక్టికల్ ల ఏం జూపియ్యాలె? ఇరవై రూపాయలకు రూము అంటే మా ఓనరమ్మ నవ్వుడు ఆపలే. చాయ్ తాగిచ్చి పంపింది, పాపం పిచ్చి లేసిందేమో పోరికి అని."

"రసీదుల సంగతి తర్వాత చూద్దాం. ముందు రాతపరీక్ష పాసవ్వు."

"తర్వాత అంటే ఎట్ల సార్? సీటు పోతే మా నాయిన ముంగట ఏ మొకం పెట్టుకోని నిలవడాలె? మా తండాల ఎమ్మెస్సీ దాంక వచ్చింది నేనొక్కదాన్నే. రసాయనాలల్ల ఫెయిలైతే అర్థం ఉంది. ఇడ్లీలల్ల ఫెయిలైన అని చెప్పాల్నా?"

ఆ మాటకు నాకు నవ్వూ వచ్చింది, కడుపూ మండింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి మొహం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

జమున ఆ పట్టిక తీసుకుని చాలాసేపు చూసింది. "సార్, గీ రేట్లు వాళ్లు కలగనైతే రాయలే గదా. ఏడనన్న ఉండాలె. రూపాయిన్నరకు చాయ్ ఏడ దొరుకుతది?"

"అధికారుల క్యాంటీనులో," అన్నాను.

"పన్నెండు రూపాయలకు బువ్వ?"

"అక్కడే."

"మరి ఇరవై రూపాయలకు రూము?"

కిటికీలోంచి ఎదురుగా మా గెస్ట్ హౌసు కనిపిస్తోంది. ముందు గులాబీలు, పైన విశ్వవిద్యాలయ జెండా, వరండాలో ఆరేసిన ఎవరివో పట్టుచీరలు. నేను చూశాను. నేనేం చూస్తున్నానో జమున కూడా చూసింది.

గెస్ట్ హౌసు నియమావళి తెప్పించి చదివాను. విశ్వవిద్యాలయ పని మీద వచ్చే ఎవరైనా, ఒక అధ్యాపకుడి సిఫారసుతో, అధికారిక ధరల పట్టిక ప్రకారం బస చేయవచ్చు. ప్రాక్టికల్ పరీక్ష కన్నా విశ్వవిద్యాలయ పని ఏముంటుంది? సిఫారసు రాసి సంతకం గీకేశాను. నా పెన్ను అంత హుషారుగా నడవడం పెళ్లి శుభలేఖల తర్వాత మళ్లీ అప్పుడే.

గెస్ట్ హౌసు చూసుకునే జహంగీర్ భాయ్ మా సిఫారసును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఎవరి తాలూకు బిడ్డా నువ్వు? వైస్ ఛాన్సలర్ సాబ్ మనిషివా, రిజిస్ట్రార్ సాబ్ మనిషివా?"

"ఎవల మనిషిని కాదు చాచా. యూనివర్సిటీ పని మీద వచ్చిన."

జహంగీర్ భాయ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇరవై ఏండ్ల సంది గీ బుక్కుల పేర్లు రాస్తున్న. పెండ్లిళ్లకు వచ్చినోళ్లున్నరు, దవాఖానకు వచ్చినోళ్లున్నరు, చార్మినార్ చూడ వచ్చినోళ్లున్నరు. యూనివర్సిటీ పని మీద వచ్చినోళ్లను గిప్పుడే చూస్తున్న. రా బిడ్డా, దొడ్డు పరుపున్న రూమే ఇస్త."

రాతపరీక్ష పట్టిక అంకెలతో మళ్లీ రాసేసి, ఆ నెలంతా జమున మహారాణిలా బతికింది. పొద్దున వేడినీళ్లు, మధ్యాహ్నం పప్పూ కూరా పెరుగుతో భోజనం, సాయంత్రం రూపాయిన్నర టీ. ప్రతిదానికీ ముద్ర వేసిన రసీదు. నగరానికొచ్చాక మొదటిసారి పిల్ల మొహం మీద కాస్త కళ కనిపించింది. ల్యాబులో కూడా కునికిపాట్లు మానేసిందని వాళ్ల పంతులమ్మ నాతో చెప్పింది.

తనిఖీ రోజు రానే వచ్చింది. దశరథరామయ్య గారు సంఘాన్ని వెంటేసుకుని వచ్చారు. గది చూశారు, పరుపు నొక్కారు, రసీదులు ఒక్కొక్కటీ తిప్పారు. గెస్ట్ హౌసులో విద్యార్థిని ఏమిటని ఒక్కమాట అడిగితే కథ అక్కడితో అయిపోయేది. ఆయన అడగలేదు. తన సిద్ధాంతం రుజువైన సంతోషంలో ఆయనకు గోడలు కూడా కనపడలేదు.

"శభాష్! ఇదీ బడ్జెట్ సంస్కారమంటే! ఫీజులూ పుస్తకాలూ ల్యాబు సామాన్లూ పోను నెలకు నాలుగు వందలు మిగులు! సంకల్పముండిన యెడల మహానగరమైననూ మన పాదాక్రాంతమగునని ఈ బాలిక నిరూపించినది. చూశారా మాస్టారూ, నేను చెప్పలేదూ?"

"మీరు చెప్పిందే జరిగింది సార్," అన్నాను. అక్షరాలా నిజమే కదా.

ఆయన జమునతో ఫోటో దిగి, ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలిగా ప్రకటించి, ఆ ఫోటోను నోటీసు బోర్డులో పెట్టించారు. 'ఆదర్శ బడ్జెట్' అని శీర్షిక. ఫోటోలో వెనక గెస్ట్ హౌసు బోర్డు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మిగతా పిల్లలేం గుడ్డివాళ్లు కారు.

ఆ సోమవారం నా గది ముందు క్యూ కట్టారు. అందరికీ ప్రాక్టికల్సే, అందరికీ సిఫారసు కావాలి. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే పక్షపాతం అవుతుంది. రాస్తూ పోయాను. గదులు నిండాయి, తర్వాత హాలు, ఆ తర్వాత వరండా. జహంగీర్ భాయ్ బుక్కు అయిపోతే కొత్త బుక్కు తెప్పించాడు. అధికారుల క్యాంటీనులో అధికారులకు కుర్చీ దొరకడం మానేసింది. ఒక డీన్ గారు చేతిలో ప్లేటుతో నిలబడి, గోడకానుకుని ఉప్మా తిన్నారు. ఆయన ఉద్యోగంలో చేరాక నిలబడటం అదే మొదటిసారని అన్నారు.

సరిగ్గా అప్పుడే దశరథరామయ్య గారి బావమరిది పెళ్లిబలగంతో దిగాడు. రెండు కార్లు, నానమ్మలు, పిన్నులు, పూలబుట్టలు, ఒక కొబ్బరిబోండాల గెల.

"రూములు లేవు సార్," అన్నాడు జహంగీర్ భాయ్.

"నేనెవరో తెలుసా?"

"తెల్వకేం సార్, పోయిన పెండ్లికి కూడా మీకు నేనే బకెట్లు ఇచ్చిన. కానీ లోపలున్నోళ్లంత యూనివర్సిటీ పని మీద ఉన్నరు."

రిజిస్ట్రారు గారు పరుగున వచ్చారు. పిల్లల్ని బయటికి పంపుదామంటే, ఆయనే పెట్టిన ప్రాక్టికల్స్. సంతకం ఆయనదే, ముద్ర ఆయనదే. "సరే, నగరంలో గదులకేం కరువా?" అని కారెక్కారు. లెక్కలు చూడ్డానికని నన్నూ ఎక్కించుకున్నారు.

అమీర్‌పేటలో ఒక లాడ్జి ముందు దిగాం. రిసెప్షన్లో కుర్రాడు ఫోనులోంచి తలెత్తకుండానే "నాన్ ఏసీ రెండున్నర వేలు," అన్నాడు.

దశరథరామయ్య గారు దర్జాగా తలూపారు. "నెలకు రెండున్నర వేలంటే పట్టికలో ఉన్నదానికన్నా ఎక్కువే. అయినా పెళ్లి కదా, సర్దుకుందాం."

కుర్రాడు తలెత్తాడు. "నెలకేంది అంకుల్? రోజుకు."

"రోజుకా?"

"మల్ల? అదీ మధ్యాన్నం పన్నెండింటికి ఖాళీ చేయాలె. వేడినీళ్లు బకెట్‌కు సెపరేట్."

ఆయన అక్కడున్న సోఫాలో కూలబడ్డారు. నేను టీ తెప్పించాను. రెండు టీలు నలభై రూపాయలన్నారు. ఆయన ఆ కాగితం కప్పును అరచేతిలో పెట్టుకుని చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "దోపిడీ! పట్టపగలు దోపిడీ! మాస్టారూ, ఈ నగరంలో సామాన్యుడు ఎలా బతకాలండీ?" అన్నారు. ఆహా, ఎన్నాళ్లకు విన్నాను ఆ మాట! అయితే ఆయన ఉద్దేశంలో సామాన్యుడంటే బావమరిది.

ఆ సాయంత్రమే పాలకమండలి అత్యవసరంగా సమావేశమైంది. పిల్లల వినతిపత్రానికి నెల పట్టిన మండలి ఈసారి టీ చల్లారేలోపు తీర్మానం చేసేసింది. ఉత్తర్వు నేను కళ్లకద్దుకుని చదివాను. అందులో ఇలా ఉంది: 'నగరమునందు జీవన వ్యయము సామాన్య మానవుడు భరింపజాలని స్థాయికి పెరిగిపోయినదని ఈ మండలి స్వీయానుభవముతో గుర్తించినది. కావున అధికారులకు నగర భృతి తక్షణమే రెట్టింపు చేయడమైనది. గెస్ట్ హౌసు, క్యాంటీను ఇకమీదట అధికారులకు, వారి బంధుమిత్రులకు మాత్రమే.' కింద దశరథరామయ్య గారి సంతకం, గుండ్రటి ముద్ర.

పిల్లలు పెట్టెలు సర్దుకుని రోడ్డున పడ్డారు. జమునను జహంగీర్ భాయ్ గేటు దాకా సాగనంపాడు. తర్వాతి మండలి సమావేశానికి సంఘం సభ్యుడిగా నన్నూ పిలిస్తే, మరి పిల్లల ఉపకారవేతనం సంగతేమిటని లేచి అడిగాను. దశరథరామయ్య గారు జాలిగా చూశారు.

"విద్యార్థులు మిగులు చూపించారు కదండీ. మిగులున్నవారికి పెంచుట ఆర్థిక సూత్రములకు విరుద్ధము. పైగా ఆ మిగులు ఖర్చు కాని ప్రజాధనం. మార్చి ముప్పై ఒకటిలోపు తిరిగి జమ చేయవలె. చేయని యెడల రిజిస్ట్రేషన్ నిలిపివేయబడును."

"ఆ గుగులోతు అమ్మాయి అసలు పాసే చెల్లదు," అన్నాడొక సభ్యుడు. "గెస్ట్ హౌసులో ఉండి పాసవడమేమిటి? ఆ రసీదులు రద్దు చేయండి."

అప్పుడు ఫైనాన్సు ఆఫీసరు ముకుందరావు గారు దగ్గి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆ మనిషి ఏడాదికోసారి మాట్లాడతారు. "ఆ రేటు రసీదు ఒకటి చెల్లదంటే, ఆడిట్ వాళ్లు అన్నీ చెల్లవంటారు సార్. ఇరవై ఏళ్లలో అదే రేటుకు ఉన్న పెళ్లివాళ్లందరి దగ్గరా తేడా వసూలు చేయాల్సొస్తుంది. బుక్కులో మొదటి పేరు..." అని ఆగి, దశరథరామయ్య గారి వైపు చూడకుండా బల్ల మీదున్న పూలగుత్తి వైపు చూశారు.

ఆ పిల్ల పాసు చెల్లుతుందని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది.

పాసైతే దక్కింది గానీ, మిగులు నాలుగు వందలూ కట్టకపోతే సీటు లేదు. రిజిస్ట్రేషన్ రోజున నేనే వెళ్లి కౌంటరు దగ్గర నిలబడ్డాను. జేబులో నాలుగు వందలు పెట్టుకునే వెళ్లాను. జమున చంకలో పాత దుప్పటి చుట్టిన పెద్ద అట్టముక్క లాంటిదేదో పెట్టుకుని వచ్చింది. వెనకే దశరథరామయ్య గారు కూడా వచ్చారు, ఆదర్శ విద్యార్థిని మిగులు జమ చేస్తుంటే ఫోటో తీయించడానికి.

"ఏదమ్మా మిగులు?"

"ఖర్చయింది సార్."

"ఖర్చయిందా! ప్రజాధనం! దేనికి ఖర్చు చేశావు?"

"యూనివర్సిటీకే సార్. మన క్లాసుకు బోధనోపకరణం కొన్న. రసీదు ఉంది. సార్ దాన్ని స్టాకు రిజిస్టర్ల ఎక్కిచ్చిండు."

అవును, ముందురోజే ఎక్కించాను. ఒక చార్టు, ఫ్రేముతో సహా అని రాసి, సంతకం పెట్టాను. దుప్పటి లోపల ఏముందో చూశాకే పెట్టాను.

ముకుందరావు గారు రిజిస్టరు తెప్పించి చూశారు. "స్టాకులో ఎక్కింది సార్. విశ్వవిద్యాలయం ఆస్తి అయిపోయింది. జమ అయినట్టే లెక్క," అన్నారు. ఈ ఏడాదిలో అది ఆయన రెండో మాట.

రిజిస్ట్రేషన్ కాగితం మీద ముద్ర పడింది. జమున దాన్ని మడిచి భద్రంగా పెట్టుకుని, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. "మా నాయినకు ఫోన్ చేసొస్త సార్," అని వరండాలోకి పరిగెత్తింది. ఈ ఏడు ఎలా గడుపుతావమ్మా అని నేను అడగలేదు. మూసాపేట గదిలో ఇప్పుడు నలుగురికి తోడు ఐదో మనిషిగా చేరిందని తెలుసు. వంతులేసుకుని పడుకుంటారట. నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది. ఏం చేయను, నాకు తెలిసిన ఆయుధం స్టాకు రిజిస్టరొక్కటే.

కౌంటరు దగ్గర దశరథరామయ్య గారు దుప్పటి విప్పించారు. లోపల బంగారు రంగు అంచుతో, అద్దంతో, చక్కటి టేకు ఫ్రేము. ఫ్రేములో ఆయన ఉత్తర్వు. 'భరింపజాలని స్థాయికి పెరిగిపోయినదని' అన్న ముక్క కింద జమున ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టింది.

"తీసేయండి దీన్ని!" అన్నారాయన.

"తీయడం కుదరదు సార్," అన్నాను వినయంగా. "స్టాకులో ఎక్కిన వస్తువును తీయాలంటే అది పనికిరానిదని ఒక సంఘం తేల్చాలి. తేల్చాక మీరు సంతకం పెట్టాలి."

"పెడతాను!"

"మీ ఉత్తర్వు పనికిరానిదని మీరే పెట్టాలి సార్. అప్పుడు దాంతోపాటు నగర భృతి కూడా..."

ఆయన ముకుందరావు గారి వైపు చూశారు. ముకుందరావు గారి కోటా అయిపోయింది, ఆయన మాట్లాడలేదు. నిదానంగా తల మాత్రం ఊపారు.

ఆ ఫ్రేము ఇప్పటికీ మా క్లాసులో, నల్లబల్ల పైన, గడియారం పక్కన వేలాడుతోంది. పేపరు రద్దు కాలేదు. ప్రాక్టికల్స్ మాత్రం తీసేశారు. ఈ ఏడు కొత్త పిల్లలొచ్చారు. నేను సుద్దముక్క తీసుకుని, నివాసం రోజుకు ఇరవై రూపాయలు, భోజనం పన్నెండు, టీ రూపాయిన్నర అని బల్ల మీద రాస్తాను. వెనక పిల్లలు తలలు కాస్త పైకెత్తి ఆ ఫ్రేము చదువుకుంటారు, ముద్రతో సహా. తర్వాత క్లాసంతా నవ్వుతుంది. నేను ఆపమనను. నవ్వు ఖర్చు పట్టికలో లేదు మరి.